మూడో బోయా దగ్గర

నూట డెబ్బై రెండు. మణికట్టు మీద అంకె ఎర్రగా మండుతోంది. ఎల్లాజీ దాన్ని చూసి పళ్లు కొరికాడు, తగ్గాల్సింది పోయి ఇంకా గట్టిగా పరిగెత్తాడు. ఈత అయింది, సైకిలు అయింది, మిగిలింది పది కిలోమీటర్ల పరుగు, కాళీమాత గుడి దగ్గర్నుంచి తెన్నేటి పార్కు దాకా వెళ్లి అదే బీచ్ రోడ్డు మీద వెనక్కి. పరుగు మొదట్లో గుండెని నూట అరవై ఐదు దాటనివ్వకండి, దాటితే చివర్లో కాళ్లు మోసం చేస్తాయి అని జట్టులో కొత్తవాళ్లకి చెప్పేది తనే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇవాళ చెప్పేవాడూ వినేవాడూ ఒకడే కావడంతో ఎవరి మాటా ఎవరికీ పట్టడం లేదు. గుండెచప్పుడు లెక్కకి రొమ్ము కింద కట్టిన పట్టీ చెమటకి తడిసి చర్మాన్ని కోస్తోంది. దాని వెనక గుండె, అర్ధరాత్రి తలుపు తియ్యమని తాగొచ్చినవాడు బాదినట్టు బాదుతోంది. బాదనీ, పగిలితే పగలనీ, కానీ పగిలేలోపు ఒక్క సంగతి తెలియాలి. సాయిశంకర్ గట్టుకొచ్చాడా లేదా?

సాయిశంకర్ అంటే మేనత్త పోతమ్మ కొడుకు, చెల్లెలు హిమబిందు మొగుడు, పుట్టుకతో ఒకసారీ పెళ్లితో ఒకసారీ బావ అయినవాడు. పొద్దున్న ఆరూ ఇరవైకి, సముద్రంలో ఈత దారికి గుర్తుగా తేలే మూడో బోయా దగ్గర, ఎల్లాజీ ఆ బావ మెడ పట్టుకుని నీళ్లలోకి తొక్కాడు. అనుకోకుండా జరిగిందా? అబద్ధం, నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. రెండు వందల మంది ఒకరి కాళ్లు ఒకరు తన్నుకుంటూ ఈదే ఆ నురగలో, ఎవరికో కాలు పట్టేసిందని కాపలా పడవ అవతలి పక్కకి వెళ్లినప్పుడు, అతని కుడి చెయ్యి నీటిని లాగడం మానేసి పక్కనున్న మెడని లాగింది. మునిగేవాడు ఎదురుగా ఎవడుంటే వాణ్ణి పట్టుకుని వాణ్ణీ ముంచుతాడు, అందుకే ఎప్పుడూ వెనకనుంచే వెళ్లాలి: పదకొండేళ్లుగా బీచ్‌లో లైఫ్‌గార్డుగా చేస్తూ నేర్చుకున్న మొదటి పాఠం అది. ప్రాణం నిలపడానికి నేర్చుకున్నది తియ్యడానికీ అక్కరకొచ్చింది. వెనకనుంచి వెళ్లి, నడుము మీద మోకాలు ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి తొక్కాడు. ఎర్ర టోపీ పచ్చటి నీళ్లలోకి దిగిపోయింది. బుడగలు లేచాయి, ముందు పెద్దవి, తర్వాత చిన్నవి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఇది మొన్న శనివారానిది. ఇది అంతకు ముందు బుధవారానిది. కింద మనిషి వెన్ను విల్లులా వంగింది, మడమలు వచ్చి తన తొడల మీద తన్నాయి, గోళ్లు మోకాలి కింద చీరాయి. ఆ చీరుడు ఇప్పుడు చెమట తగిలి మండుతోంది. నలభై దగ్గర వదిలేశాడు. వదిలేసి, తల తిప్పకుండా, ఏమీ ఎరగనట్టు మిగతా ఈత ఈదేసి గట్టెక్కాడు.

సైకిలు తీసుకునేటప్పటికి సాయిశంకర్ సైకిలు ఇంకా కమ్మీకి వేలాడుతూనే ఉంది. రుషికొండ దాటాక, వెనక ఎక్కడో, బీచ్ వైపు అంబులెన్సు కూత వినిపించింది. నలభై కిలోమీటర్లు ఎదురొచ్చిన ప్రతి ముఖాన్నీ వెతికాడు. హెల్మెట్లూ నల్లద్దాలూ పెట్టుకుని వంగి తొక్కేవాళ్లలో ఎవడు ఎవడో బ్రహ్మకైనా తెలుస్తుందా. చచ్చాడా? చస్తే చావనీ. ఈ మాట అనుకున్నప్పుడల్లా కడుపులో ఏదో వేడిగా, బాగా తిన్నట్టుగా ఉంటోంది. ఆ వెంటనే నోరు చేదెక్కుతోంది. నూట డెబ్బై నాలుగు.

అసలు ఈ అంకెలు చదవడం నేర్చుకోకపోతే ఏ గొడవా ఉండేది కాదు. సాయిశంకర్ మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేనేజరు, ఏడో అంతస్తులో ఫ్లాటు. పెళ్లైన ఏడాదికి హిమబిందు చేతికి గుండె లెక్కలు చూపించే బ్యాండు కట్టి, స్నానానికి తప్ప తియ్యొద్దన్నాడు. పెళ్లాం ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని వాళ్లు పుట్టి పెరిగిన జాలారిపేట మొత్తం మెచ్చుకుంది. ముగ్గురి గుండెలూ ముగ్గురి ఫోన్లలోనూ కనపడేటట్టు ఒక గ్రూపు పెట్టాడు. కిందటి నెల ఒక ఆదివారం, బీచ్‌లో కాపలా గూడు మీద కూర్చుని, తన పరుగు లెక్క చూసుకుంటూ వేలు జారి చెల్లెలి పేజీలోకి వెళ్లాడు ఎల్లాజీ. శనివారం సాయంత్రం ఏడూ నలభై. ఎనభై రెండున్న గుండె నిట్టనిలువునా లేచి నూట అరవై ఒకటి. ఇరవై నిమిషాలు అక్కడే. ఆ ఇరవై నిమిషాల్లో వేసిన అడుగులు పదకొండు. అతను ఆ పేజీని చాలాసేపు చూశాడు. పదకొండు అడుగులతో మనిషి గుండె నూట అరవై ఒకటికి ఎలా వెళ్తుంది? రెండు కారణాలున్నాయి. ఒకటి జబ్బు. రెండోది మూల. వెనక గోడ, ముందు మనిషి, పారిపోవడానికి పదకొండు అడుగుల చోటు.

ఫోన్ చేసి అడిగితే, మెట్లెక్కానన్నా అంది. పదకొండు మెట్లా? ఆ తర్వాత రోజూ సాయంత్రాలు గూడు మీద కూర్చుని సముద్రంలో మునిగేవాళ్లని చూడాల్సిన కళ్లతో చెల్లెలి గుండెని చూసేవాడు. పద్నాలుగు కిలోమీటర్ల అవతల అది లేస్తుంటే ఇక్కడ కూర్చుని లేవడం చూడటమే. తొంభై. నూట పది. నూట నలభై. ఒకరోజు తట్టుకోలేక బండేసుకుని ఆఘమేఘాల మీద వెళ్లాడు. తలుపు తీసేసరికి టీవీలో క్రికెట్టు, సాయిశంకర్ కమలాపండు ఒలుచుకుంటున్నాడు, "రా బావా, కరెక్టు టైముకి వచ్చీసేవు, తిను" అని సగం పండు చేతిలో పెట్టాడు. హిమబిందు వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎల్లాజీ తిన్నాడు. సిగ్గులేకుండా ఆ పండు తిన్నాడు, గింజలు కూడా ఉమ్మకుండా మింగాడు. మేనత్త దగ్గరికి వెళ్లి చెప్పుకుంటే పోతమ్మ చేపల బుట్ట కడుగుతూ తలెత్తకుండా అంది: "మొగుడన్నాక ఓ దెబ్బ ఏత్తాడు, ఓ ముద్ద ఎడతాడు. ఆడేటి పరాయోడా? నీ మేనత్త కొడుకే గదరా." పరాయోడైతే ఎప్పుడో చంపేసేవాణ్ణత్తా అని పైకి అనలేక వచ్చేశాడు.

వుడా పార్కు దాటాక, మూడో కిలోమీటరు దగ్గర, ఉన్నట్టుండి పట్టీ సంగతి గుర్తొచ్చి ఎల్లాజీ అడుగు తడబడింది. పాత పట్టీ అయితే నీళ్లలో చచ్చినట్టే. వాచీ మీద అంకె బదులు రెండు గీతలు పడేవి, అంతే. ఇది కొత్తది, ఎండాకాలంలో సాయిశంకరే తెచ్చి ఇచ్చాడు. "పాతది పారీ బావా. ఇది నీళ్లలోన కూడా రాసుకుంటాది. వాచీకి అందదు గానీ, లోపల దాసుకుని గట్టుకొచ్చేక అంతా అప్పసెప్పీత్తాది." సముద్రం ఏదీ ఉంచుకోదు, మూడోనాటికి గట్టున పెట్టేస్తుంది అని పేటలో అంటారు. ఇది మూడు రోజులు కూడా ఆగదు. అయితే ఆ నలభై సెకన్లూ ఇందులో ఉన్నాయి. రేసు ముగించి వాచీ నొక్కిన మరుక్షణం అవి ఫోన్లోకి పోతాయి, ఫోను హిమబిందు సంచీలో ఉంది, ఆమె ముగింపు గీత దగ్గర కూర్చుని ఉంది. పీకి పారేస్తే? బనీను కిందికి వేళ్లు పోనిచ్చాడు. తడిసి ఉబ్బిన పట్టీ ఒక్క గుంజుకి ఊడొస్తుంది, కుడిపక్కే సముద్రం. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. వద్దు, చూడనీ. నూట తొంభై ఉంటుంది, రెండు వందలైనా ఉంటుంది, కైలాసగిరి కొండంత ఎత్తున లేచి ఉంటుంది ఆ గీత. నీ గుండె లేచిన ప్రతిసారీ నా గుండె ఏమైందో చూడవే అని ఏనాడూ నోటితో చెప్పలేకపోయాడు. అన్నాచెల్లెళ్లు అలాంటివి చెప్పుకుంటారా ఎక్కడైనా. ఆమెకీ గీతలు చదవడం తనే నేర్పాడు, చదువుకుంటుంది. చెయ్యి బయటికి తీసేశాడు. చెల్లెలి కోసం ఒక పని చేసిన అన్నగా పరిగెత్తాడు, అది ఎలాంటి పనైనా సరే.

జాలారిపేట దగ్గర రోడ్డు పక్కన పిట్టగోడ మీద నాన్న సూరన్న కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పరుగుపందెం చూడ్డానికి పేటంతా వస్తే ఆయన మాత్రం వల మీంచి కళ్లు ఎత్తాలా వద్దా అన్నట్టు ఎత్తి, "ఏటిరా, ఎవులు తరుముతన్నారు నిన్ను?" అన్నాడు. పక్కనున్న ముసలాళ్లంతా నవ్వారు. ఎల్లాజీ కూడా నవ్వబోయాడు గానీ ఊపిరి చాల్లేదు. పన్నెండేళ్లప్పుడు మొదటిసారి తెప్ప మీద తీసుకెళ్లి చేతిలో చెక్క దుడ్డు పెట్టింది ఈయనే. గేలానికి పడిన వంజరం తెప్ప మీద ఎగిరెగిరి పడుతుంటే భయంతో, కోపంతో ఎక్కడ పడితే అక్కడ బాదాడు తను. కన్ను చితికింది, మొప్ప చిరిగింది, అది చావలేదు, తెప్పంతా రక్తం. నాన్న దుడ్డు లాక్కుని తల వెనక ఒక్కటే వేశాడు. చేప ఒక్కసారి వణికి ఊరుకుంది. "కోపమొత్తే సెయ్యి ఒణుకుద్ది రా. సంపీటప్పుడు మనసు నీళ్లలాగుండాల," అన్నాడు, ఏదో సంధ్యావందనం నేర్పుతున్నట్టు. ఆ తర్వాత ఎల్లాజీ చెయ్యి ఎప్పుడూ వణకలేదు.

ఆ గోడ వెనకే చిన్నప్పుడు తనూ సాయిశంకరూ ఆడిన ఆట కూడా. తెప్ప కింద నీళ్లలో ఒకణ్ణొకడు అదిమి పట్టుకోవడం, ఎవడు ఎక్కువసేపు ఉంటే వాడు మొనగాడు. చాలు, ఒప్పుకున్నాను అనడానికి నీళ్లలో నోరు పనికిరాదు కదా, అందుకని తొడ మీద రెండుసార్లు తడతారు. తట్టాక వదలనివాణ్ణి పేటలో పిల్లలెవరూ మళ్లీ ఆటకి రానిచ్చేవారు కాదు. ఎంత పగైనా, ఎంత పందెమైనా, రెండుసార్లు తడితే వదలాలి. సాయిశంకర్‌ని వదిలింది అందుకే. జాలితో కాదు, చెల్లెలి పసుపుకుంకాలు గుర్తొచ్చీ కాదు. నలభై దగ్గర, గోళ్లతో చీరడం ఆపిన చెయ్యి ఒకటి మెత్తగా తొడ మీద రెండుసార్లు తట్టింది, ఎల్లాజీ చేతులు వాటంతటవే ఊడిపోయాయి. ఇరవై ఐదేళ్ల నాటి అలవాటు. హిమబిందు కూడా ఆ ఆట ఆడింది, వీళ్లిద్దరి మధ్యా దూరి, ముక్కు మూసుకుని. ఏడో అంతస్తులో ఆమె ఎన్నిసార్లు తట్టి ఉంటుంది? తడితే వాడు వదిలాడా? ఈ ఊహ రాగానే రోడ్డు ఎర్రగా అయిపోయింది. నీళ్లందించే పిల్ల చాచిన కప్పుని ఎల్లాజీ చేత్తో కొట్టేశాడు, అది ఎగిరి పడింది. తెన్నేటి పార్కు దగ్గర కోన్ చుట్టూ తిరిగేటప్పుడు ఎదురుగా ఉన్నవాణ్ణి భుజంతో తోసేశాడు. వాడేదో తిట్టాడు. నూట ఎనభై ఒకటి.

తిరిగి వస్తుంటే ఇప్పుడు వెనకబడినవాళ్లంతా ఎదురొస్తున్నారు. వాళ్ల ఛాతీల మీద నంబర్లు చదువుకుంటూ వచ్చాడు. నలభై ఏడు కావాలి. ముప్పై, నూట పన్నెండు, తొంభై. పోయాడు, ఇక రాడు. గట్టున పడుకోబెట్టి పొట్ట నొక్కుతుంటారు, తను సెలవు పెట్టిన డ్యూటీలో తన జోడీ లైఫ్‌గార్డే నొక్కుతుంటాడు. పొద్దున్న చెల్లెలు కట్టుకొచ్చిన పసుపుపచ్చ చుడీదారు కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు కనపడ్డాడు. నడుస్తున్నాడో పరిగెడుతున్నాడో తెలియకుండా, ఒక పక్కకి ఒరిగి, కళ్లు చింతనిప్పుల్లా, పెదాలు ఉప్పుకి తెల్లగా పగిలి, నలభై ఏడు. బతికే ఉన్నాడు! అమ్మయ్య అని గుండె ఒక్క క్షణం దిగింది, ఆ దిగినచోటికే కోపం తిరిగి పరిగెత్తుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదన్నమాట. ఏమని చెప్తాడు, ఎందుకు ముంచాడని అడిగితే ఏమంటాడు? పది గజాల దగ్గర సాయిశంకర్ తలెత్తి ఎల్లాజీని చూశాడు. చూసి రోడ్డు అంచుకి జరిగిపోయాడు, కుడి మోచెయ్యి దానంతటది లేచి ముఖానికి అడ్డం వచ్చింది. ఆరడుగుల మనిషి, వందమంది మీద అజమాయిషీ చేసేవాడు, పసిపిల్లాడిలా. ఎల్లాజీ ఆ మోచేతిని కళ్లారా చూశాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. నెల రోజుల్లో మొదటిసారి ఊపిరి అడుగుదాకా వెళ్లింది. ఆ మోచెయ్యి ఒక్కటి చాలు, ఇక వాడి చెయ్యి నా చెల్లెలి మీద లేవదు అనుకుంటూ ఆ చివరి నాలుగు కిలోమీటర్లూ ఎగురుకుంటూ వచ్చాడు. అరికాళ్లు చిట్లి బూట్లలో రక్తం జిగటగా తగులుతున్నా పట్టలేదు. నూట ఎనభై ఆరు దగ్గర గీత దాటి వాచీ నొక్కాడు. ఎవరో మెడలో పతకం వేశారు.

హిమబిందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో అతని ఫోను. పరిగెత్తుకుని రాలేదు, లేవనూ లేదు. అతను వెళ్లి ఎదురుగా వంగి మోకాళ్లు పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే ఫోను అతని వైపు తిప్పింది.

"ఈడ ఏటయింది?"

కొండలా లేచిన గీతని చూద్దామని ఎల్లాజీ కళ్ల మీది చెమట తుడుచుకుని చూశాడు. ఈత గీత సాఫీగా పోతోంది, నూట యాభై నాలుగు, యాభై ఆరు, యాభై ఐదు. పద్దెనిమిదో నిమిషం దగ్గర ఒక గొయ్యి ఉంది. నిలువునా దిగి, అడుగున చదునుగా, నూట నాలుగు. మళ్లీ నిలువునా పైకి. ఆ పందెం మొత్తానికి అతని గుండె అంత నిదానంగా కొట్టుకున్నది అక్కడొక్కచోటే.

"అల కొట్టింది," అన్నాడు. "పక్కకి తోసీసింది."

"అల కొడితే గుండె లెగుత్తాది గానీ దిగుద్దేటన్నా? నువ్వే గదా నేర్పేవు." గొంతు తగ్గించింది. "బావ నీ పక్కనే ఈదేడు గదా. ఏడీ?"

"వత్తన్నాడు."

"బతికే వత్తన్నాడా?"

అతను తలూపాడు. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, తెరిచింది. తన ఫోను తీసి ఏదో నొక్కి, అతని ఫోను పక్కన పెట్టింది. ఒకే తెర మీద రెండు గీతలు. ఎర్రది ఎనభై రెండు నుంచి నూట అరవై ఒకటికి లేచింది. ఏడూ నలభై, శనివారం. నీలంది అదే నిమిషంలో తొంభై ఎనిమిది నుంచి దిగడం మొదలుపెట్టి డెబ్బై ఒకటి దగ్గర చదునుగా ఆగింది.

"ఎర్రది నాది. నీలం ఆడిది," అంది. "నువ్వు నాదొక్కటే సూసేవు. నాను రెండూ సూసీదాన్ని. కొట్టీటప్పుడు ఆడి గుండె దిగుద్దన్నా. ప్రతీసారీ. ఆ తరవాత పండు ఒలుసుకుని తింటాడు."

వేలితో జరిపింది. ఇంకొక రోజు, మరొక రోజు. ఒకటే ఆకారం. చివరిది జరిపి, అతని ఫోనులోని గోతిని చూసి, ఆగింది.

"ఇలాటివి ఇరవై మూడు దాసేను, లాయరుకి సూపించడానికి. ఇయ్యాల్టిది ఎవులికి సూపించమంటావు?"

"నీ గురించే సేసేనే," అన్నాడు ఎల్లాజీ. "నీకోసమే."

"ఆడూ అదే అంటాడు." హిమబిందు సంచీ భుజానికి తగిలించుకుంది. అప్పుడు చూశాడతను, అది నీళ్లసీసా పట్టే సంచీ కాదు, బట్టలతో ఉబ్బి ఉంది. "కంచరపాలెంలోన నా నేస్తం ధనశ్రీ ఇంటి మీద గది తీసుకున్నాను. పదిరోజులైంది. మీరిద్దరూ ఒక్కపాలి మూడు గంటలు నా మీద కన్నెయ్యకుండా ఉండీది ఇయ్యాలే గదా. మీరు నీళ్లలో దిగీగానే ఎలిపోదుమనుకున్నాను. నీ ఫోను నా కాడ ఉండిపోయింది. ఇచ్చి ఎల్దామని ఆగేను."

ఫోను అతని చేతిలో పెట్టింది. మణికట్టు నుంచి బ్యాండు విప్పి దాని మీద పెట్టింది. అది ఉన్నచోట చర్మం తెల్లగా, కొత్తగా ఉంది. వెళ్లమ్మా, నేను రాను, నీ జోలికి ఎవరూ రారు అని చెప్దామనుకుని, ఎల్లాజీ చిన్నప్పుడు నీళ్లలోంచి తేలగానే చేసినట్టు ఆమె తల నిమురుదామని చెయ్యెత్తాడు.

హిమబిందు మోచెయ్యి దానంతటది లేచి ముఖానికి అడ్డం వచ్చింది.

ఇద్దరూ ఆ మోచేతిని చూశారు. ఆమె దాన్ని నెమ్మదిగా దించుకుని, చున్నీ సర్దుకుని, ఆటోలున్న వైపు వెళ్లిపోయింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎల్లాజీ అలాగే నిలబడ్డాడు.